తలల లెక్కకు అందని భాషల చావు

ప్రపంచంలో అత్యంత అరుదైన భాష ఏదని అడిగితే జవాబుగా సాధారణంగా ఒక మనిషి పేరు వినిపిస్తుంది. 1992 అక్టోబరులో టర్కీలో తెవ్ఫిక్ ఎసెంచ్ చనిపోగానే ఉబిఖ్ భాష పోయింది. 2008 జనవరిలో అలాస్కాలో మేరీ స్మిత్ జోన్స్‌తో ఏయక్ పోయింది. 2010 జనవరిలో అండమాన్‌లో బోవా సీనియర్ అనే వృద్ధురాలితో ‘బో’ భాష, 2022 ఫిబ్రవరిలో చిలీ దక్షిణ కొసన క్రిస్టీనా కాల్దెరోన్‌తో యాఘాన్ భాష ఆ వరసలో చేరాయి. ఆఖరి మనిషి కథ వింటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. పత్రికలకు కూడా అంతకంటే అనువైన వార్త ఉండదు. 2011లో మెక్సికోలోని అయపనేకో భాషకు ఇద్దరే మిగిలారని, వాళ్లిద్దరికీ మాటల్లేవని ప్రపంచమంతా చదివింది. అక్కడ పనిచేసిన పరిశోధకులు ఆ భాష మాట్లాడేవారు ఇంకా ఉన్నారని, ఆ పగ కథ కూడా నిజం కాదని చెప్పారు. ఆ దిద్దుబాటును మాత్రం ఎవరూ అంత దూరం మోయలేదు. అరుదైన భాషల జాబితాలన్నీ ఇలా మనుషుల్ని లెక్కపెట్టి, తక్కువ తేలినదాన్ని పైన పెడతాయి. భాషకు వచ్చిన ఆపదను కొలవడానికి ఈ పద్ధతి పనికిరాదు. పైగా దీన్ని నమ్ముకోవడం వల్ల మన కళ్లెదుట పోతున్న భాషలు మనకు కనపడకుండా పోతున్నాయి.

ముందు లోకం సంగతి చూద్దాం. ఉత్తర సెంటినెల్ దీవిలో ఎందరున్నారో బయటివారెవరికీ తెలియదు. 2011 జనగణన వాళ్లు దూరం నుంచి చూసి 15 మందిని రాసుకున్నారు. యాభై మంది ఉన్నా వంద మంది ఉన్నా, అక్కడ పుట్టిన బిడ్డ నేర్చేది ఆ దీవి భాష ఒక్కటే. బ్రెజిల్ అడవుల్లో పిరహా మాట్లాడేవారు కొన్ని వందలు. వారిలో ఎక్కువమందికి వేరే భాష రాదు, పిల్లలంతా అదే మాట్లాడతారు. అటు ఫ్రాన్సులో బ్రెటన్ భాషకు గత శతాబ్దం మధ్యలో పది లక్షల మంది దాకా ఉండేవారు. ఆ తరం తల్లిదండ్రులు పిల్లలతో ఫ్రెంచిలోకి మారారు. ఇప్పుడు మిగిలినవారిలో అత్యధికులు ముసలివాళ్లే. పది లక్షలున్న భాష రెండు తరాల్లో కూలింది, వందల్లో ఉన్నది నిలబడింది. యునెస్కో నియమించిన నిపుణులు 2003లో భాషల ఆరోగ్యాన్ని తూచడానికి తొమ్మిది ప్రమాణాలు పెట్టినప్పుడు మొదటి స్థానం పెద్దల నుంచి పిల్లలకు భాష అందుతోందా అన్నదానికే ఇచ్చారు. మాట్లాడేవారి సంఖ్య దాని తరువాతే. సంఖ్యకు విలువే లేదని కాదు. 1858లో బ్రిటిష్ వారు అండమాన్‌లో శిక్షాస్థావరం పెట్టాక రోగాలు పాకి, గ్రేట్ అండమానీ తెగలు వాటి భాషలతో సహా కుప్పకూలాయి. చిన్న గుంపును ఒక్క అంటువ్యాధి తుడిచిపెట్టగలదు. కానీ భాషల్లో ఎక్కువ భాగం పోయేది అలా కాదు. మనుషులు బతికే ఉంటారు, భాష మాత్రం వాళ్లను వదిలిపోతుంది.

ఈ గీటురాయి పెట్టి చూడటానికి అండమాన్ దాకా పోనక్కర్లేదు. నార్కట్‌పల్లి చౌరస్తా నుంచి నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట మీదుగా అమ్రాబాద్ గుట్టల దాకా పోయే దారిలోనే భాషా మరణంలోని దశలన్నీ వరసగా ఉన్నాయి. ఆ దారి చివర నల్లమల పెంటల్లో చెంచులున్నారు. మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమిలో వారి మధ్య ఉండి, 1943లో వారి మీద పుస్తకం అచ్చువేసేనాటికే వారి భాష తెలుగు. వేట, తేనె, దుంపల మీద అడవిలో వేరుగా బతికిన తెగకు ఇరుగుపొరుగు రైతుల భాషే ఉండటం మానవశాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో ఒక ముడి. తెలుగుకు ముందు వారికి వేరే భాష ఉండేదనడానికి ఆధారం ఇప్పటిదాకా దొరకలేదు. ఒకవేళ ఉండి ఉంటే, ఆ భాషకు ఆఖరి మనిషి పేరు కూడా మిగల్లేదు. ప్రపంచ చరిత్రలో పోయిన భాషల్లో చాలావాటి గతి ఇదే. బోవా సీనియర్‌కు దక్కిన నాలుగు వార్తాకథనాలు చాలా అరుదైన అదృష్టమని గుర్తుంచుకోవాలి.

చెంచులది ముగిసిన కథ అనుకుంటే, ఎరుకలవారిది ముగింపుకొస్తున్న కథ. బుట్టలు, తట్టలు అల్లుతూ, పందులు మేపుతూ, ఎరుక చెబుతూ మన ఊళ్ల పక్కనే బతికిన ఈ జనానికి ఇంట్లో తమదైన భాష ఉంది. దాన్ని కుర్రు భాష అంటారు. పునాది తమిళానికి దగ్గరిది, మీద తెలుగు పొర దట్టంగా పరుచుకుంది. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకల తెగ జనం 4 లక్షల 37 వేలు. అదే జనగణనలో దేశం మొత్తం మీద ఎరుకలను మాతృభాషగా రాయించుకున్నవారు 70 వేల లోపే. అంటే ఆరుగురిలో ఒక్కరు. ఇంత పెద్ద తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే చట్టాల చరిత్ర చూడాలి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసింది. ఆ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశాక ఎరుకలవారిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా వెలిసిందే. తమలో తాము వేరే భాష మాట్లాడుకోవడమే అనుమానానికి కారణమైంది, అది దొంగల సంకేత భాష అనే ప్రచారం సాగింది. 1952లో చట్టం రద్దయినా ముద్ర పోలేదు. బయటికి వినపడితే ప్రమాదం తెచ్చే భాషను బిడ్డకు ఏ తల్లి నేర్పుతుంది? ఇలా పోయిన భాషను ‘సహజంగా’ అంతరించింది అనడం అన్యాయం.

ఇక లంబాడీ. దేవరకొండ, చందంపేట ప్రాంతాల తండాల్లో, పాలమూరు మెట్టల్లో వినిపించే ఈ భాష, గోర్ బోలి, రాజస్థానీ శాఖకు చెందినది. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో సుగాలీల (లంబాడీల) జనాభా 20 లక్షలు దాటింది. 2011లో లమాణీ లేదా లంబాడీ తమ మాతృభాష అన్నవారు దేశంలో 32 లక్షల 76 వేలు, బంజారీ అన్నవారు మరో 15 లక్షల 81 వేలు. యాభై లక్షలకు దగ్గరగా ఉన్న భాషను అంతరించే భాష అంటే నవ్వేవాళ్లుంటారు. ఈ భాష రేపే చస్తుందని నేనూ అనడం లేదు. తండాలో ముసలమ్మ, మనవడు ఇంకా ఇందులోనే మాట్లాడుకుంటున్నారు. కానీ బ్రెటన్ ఉదాహరణ చూస్తే 1950లో అదీ అలాగే ఉండేది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన జనం, శతాబ్దాల పాటు పదిరకాల భాషల మధ్య నడుస్తూ కూడా తమ మాటను పోగొట్టుకోలేదు. రైళ్లు, రోడ్లు వచ్చి బిడారాలు ఆగిపోయి, తండాలు స్థిరపడ్డాక గండం మొదలైంది. ఇప్పుడు తండా యువకులు హైదరాబాదులో ఆటో తోలుతూ, కట్టడాల్లో పనిచేస్తూ కాపురాలు అక్కడికి మార్చుకుంటున్నారు. అక్కడ అద్దె గదిలో పుట్టిన బిడ్డకు ఏ భాష దక్కుతుందన్నది అసలు ప్రశ్న. దానికి 32 లక్షల అంకె జవాబు చెప్పదు.

ఎందుకు చెప్పదో జనగణన పద్ధతిలోనే ఉంది. జనగణన దృష్టిలో మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. ఆ మనిషి ఇప్పుడు తన బిడ్డలతో ఏం మాట్లాడుతున్నాడని ఎవరూ అడగరు. కాబట్టి ఆ అంకె ఒక తరం పాత కబురు. నక్షత్రం ఎప్పుడో ఆరిపోయినా దాని వెలుగు మనకు అందుతూనే ఉన్నట్టు, ఇంట్లో ఆగిపోయిన భాష కూడా పట్టికలో ఇరవై, ముప్పై ఏళ్లు పెరుగుతూనే కనిపిస్తుంది. పైగా ఆ అంకెలో భాషతో పాటు అభిమానం కూడా కలుస్తుంది. సవర మాతృభాషగా చెప్పినవారు 2001లో 2 లక్షల 52 వేలు, 2011లో 4 లక్షల 9 వేలు. పదేళ్లలో అరవై శాతానికి పైగా బిడ్డలు పుట్టి పెరిగారంటే నమ్మలేం. పేరు చెప్పుకోవడానికి వెనకాడినవారు చెప్పుకున్నారని, రాసేవారు సరిగ్గా రాశారని అనుకోవడమే సబబు. అదే జనగణనల్లో సంస్కృతం 14 వేల నుంచి 24 వేలు దాటింది. దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. గదబ సంగతి ఇంకా విచిత్రం. ఆ ఒక్క పేరు కింద ముండా కుటుంబానికి చెందిన గుతోబ్, ద్రావిడ కుటుంబానికి చెందిన ఒల్లారి అనే రెండు సంబంధం లేని భాషలున్నాయి. 2011లో గదబ 41 వేలు అంటే అందులో ఏది ఎంతో చెప్పేవారు లేరు.

ఈ గందరగోళం కాగితం మీదే ఆగితే బాధ లేదు. విధానాలు దీని మీదే నిలబడ్డాయి. 1971 నుంచి జనగణన పదివేల కంటే తక్కువమంది మాట్లాడే భాషల పేర్లు ప్రచురించడం మానేసింది. 1961లో 1,652 మాతృభాషల పేర్లు అచ్చయిన దేశంలో 2011 పట్టికలో తేలినవి 121 భాషలు. అంతరించే భాషల రక్షణకు 2013లో మైసూరులోని కేంద్ర భారతీయ భాషల సంస్థకు అప్పగించిన పథకం కూడా పదివేల లోపు భాషల కోసమే. పైన చూస్తే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలకు అకాడమీలు, అనువాదాలు, పరీక్షలు, నిధులు ఉన్నాయి. ఎరుకల, లంబాడీ, కొలామి, కొండ భాషలు ఈ రెంటికీ నడుమ ఇరుక్కున్నాయి. రక్షణ పథకానికి వీటి సంఖ్య ఎక్కువ, షెడ్యూలుకు వీటి పలుకుబడి తక్కువ. పైగా లంబాడీని జనగణన హిందీ ఖాతాలో, ఎరుకలను తమిళం ఖాతాలో కలిపి చూపుతుంది. హిందీ 52 కోట్లని గొప్పగా చెప్పే ప్రతిసారీ దేవరకొండ తండాల వాళ్లూ ఆ లెక్కలో ఉంటారు. అందులో వాళ్లకు దక్కేది మాత్రం ఏమీ లేదు.

భాషలు ఎందుకు పోతాయన్నదాని మీద 2021 చివర్లో ‘నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. ఆరున్నర వేల భాషల సమాచారం తీసుకుని లిండెల్ బ్రోమ్‌హామ్ బృందం రెండు విషయాలు ఎత్తి చూపింది. రోడ్లు దట్టంగా ఉన్నచోట, సగటు చదువు ఏళ్లు ఎక్కువున్నచోట భాషలకు ప్రమాదం ఎక్కువ. నలభై ఏళ్లలో భాషల నష్టం మూడింతలు కావచ్చని కూడా హెచ్చరించింది. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారికి అద్దంకి రోడ్డు కలుస్తుంది. ఈ లెక్క ప్రకారం మన నేల సరిగ్గా ప్రమాద మండలంలోనే ఉంది. అయితే దీన్ని చదివి రోడ్లూ బడులే శత్రువులని తేల్చడం పొరపాటు. లంబాడీల చరిత్రే దానికి ఎదురు సాక్ష్యం. దారుల మీదే బతికినన్నాళ్లు వారి భాషకు ఏమీ కాలేదు, ఎందుకంటే బిడారం తన భాషను వెంట తీసుకుపోయేది. ఇప్పటి రోడ్డు చివర ఉన్న బడి, బ్యాంకు, ఆసుపత్రి, ఠాణా అన్నీ ఒకే భాషలో నడుస్తాయి. బడి భాషను చంపడానికి కారణం చదువు కాదు, ఆ బడిలోకి ఇంటి భాషను అడుగుపెట్టనివ్వకపోవడం. పైగా తెలంగాణ గురుకులాల్లో పిల్లలు ఐదో తరగతిలోనే ఇల్లు వదిలి వస్తారు. వాటి వల్ల తండా పిల్లలకు జరిగిన మేలు కాదనలేనిది. ఆ మేలుకు భాషను మూల్యంగా అడగాల్సిన పనే లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. తల్లిదండ్రులే వద్దనుకుంటే మధ్యలో మీకేం పని? 1992లో భాషావేత్త మైకేల్ క్రాస్ ప్రపంచ భాషల్లో తొంభై శాతం దాకా ఒక్క శతాబ్దంలో పోవచ్చని ‘లాంగ్వేజ్’ పత్రికలో హెచ్చరించినప్పుడు, మరో భాషావేత్త పీటర్ లాడెఫోగెడ్ అదే పత్రికలో అదే ఏడాది జవాబిచ్చాడు. కెన్యాలో ‘దహాలో’ భాష మాట్లాడే ఒక తండ్రి తన కొడుకులకు ఆ భాష రాదని నవ్వుతూ, వారి చదువు చూసి గర్వపడుతూ చెప్పాడట. అతనిది తప్పనడానికి నేనెవరినని లాడెఫోగెడ్ అడిగాడు. ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టేయకూడదు. తండా పిల్లలను గోర్ బోలికి కాపలాదారుల్ని చేసి, తెలుగు, ఇంగ్లిషు, ఉద్యోగాలు మన పిల్లలకు ఉంచుకోవడం దుర్మార్గం. కానీ ఆ తండ్రికి ఎంచుకోవడానికి ఏముంది? రెండూ ఉంచుకునే దారి చూపి, అప్పుడూ ఆయన ఒకటే చాలంటే అది ఎంపిక అవుతుంది. ఒకటి వదిలితేనే రెండోది దొరుకుతుందని నమ్మించాక చేసినది ఎంపిక కాదు. ఈ దేశంలో మూడు భాషలు మాట్లాడే మనిషి వింత కాదు. తండాలో ఏ కూలీనడిగినా గోర్ బోలి, తెలుగు, కొంత ఉర్దూ లేదా హిందీ వస్తాయి. ఒక భాష పోతేనే మరొకటి నిలుస్తుందన్నది ఒకే భాషలో బతికే దేశాల నుంచి వచ్చిన ఊహ.

రెండో అభ్యంతరం తెలుగువాళ్ల నుంచి. అసలు తెలుగే ప్రమాదంలో ఉంటే, ఎరుకల గురించి ఎవరు పట్టించుకుంటారు? యునెస్కో తెలుగును అంతరించే జాబితాలో చేర్చిందన్న మాట ఏళ్ల తరబడి సభల్లో తిరుగుతోంది. యునెస్కో అట్లాసులో భారతదేశం నుంచి 197 భాషలున్నాయి, వాటిలో తెలుగు లేదు. 2011లో తెలుగు మాట్లాడేవారు 8 కోట్ల 11 లక్షలు. తెలుగుకు ఇబ్బంది లేదని కాదు, పిల్లలు చదివే మాధ్యమం నుంచి, పెద్దల కొలువుల నుంచి అది జారిపోతోంది. ఆ దిగులు అర్థమైనవారికి తండా దిగులు ఇంకా బాగా అర్థం కావాలి. తెలంగాణ 2018లో అన్ని బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది. తెలుగువారు ఇంగ్లిషు గురించి చెప్పుకునే ఫిర్యాదులన్నీ ఎరుకలవారు, కొలాములు, లంబాడీలు తెలుగు గురించి చెప్పుకోవచ్చు, వాళ్లు అంత గట్టిగా చెప్పుకోలేదు అంతే. ఈ ప్రాంతంలో చిన్న భాషలను మింగుతున్నది తెలుగే. ఇది మనకు రుచించని మాటే అయినా, పై లెక్కలన్నీ తేల్చేది దీన్నే.

మింగడంలో మనకూ నష్టమే. కొండ, గోండి, కువి తెలుగుకు అతి దగ్గరి తోబుట్టువులు. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో కొండ భాష మీద పుస్తకం వేశారు. శాసనాలకు పూర్వపు తెలుగు ఎలా ఉండేదో ఊహించడానికి ఈ భాషల వ్యాకరణాలే ఆధారం, శాసనాలు ఒక హద్దు దాటి వెనక్కి పోవు. 1955లో భాషావేత్త ఎమెనో కొలామి వ్యాకరణం రాయకపోతే మధ్య ద్రావిడ శాఖ చిత్రం అంత స్పష్టంగా ఉండేది కాదు. గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో సవరలతో కూర్చుని వారి భాష నేర్చి, 1931లో సవర వ్యాకరణ బోధిని, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆ రోజు సభల్లో సవర మాట ఎన్నిసార్లు వినపడుతుందో పాఠకులే చెప్పాలి.

మరి ఏది పనిచేస్తుంది? లిపి అంటారు కొందరు. ఆదిలాబాద్ గుంజాలలో 2006లో బయటపడ్డ గోండి లిపి ప్రతులు అద్భుతమైనవి, 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటూ దొరికింది. గౌరవం పెంచడానికి అది సాయపడుతుంది. కానీ లిపి లేకపోవడం వల్ల ఏ భాషా చావలేదు. తెలుగు అక్షరాలతో గోర్ బోలి రాసుకోవడానికి అడ్డేమీ లేదు. రికార్డింగులు, నిఘంటువులు అంటారు ఇంకొందరు. ఎనభైకి పైగా హల్లులున్న ఉబిఖ్‌ను పండితులు శ్రద్ధగా నమోదు చేశారు, అయినా ఎసెంచ్‌తో అది పోయింది. ఫలితం చూపిన మార్గం ఒకటే. న్యూజిలాండులో మావోరీలు 1982లో అవ్వలను, తాతలను పసిపిల్లల కేంద్రాల్లో కూర్చోబెట్టి అక్కడ మావోరీ తప్ప వేరే మాట వినపడకుండా చేశారు. వారి భాష పూర్తిగా కోలుకోలేదు గానీ కిందికి జారే వేగం తగ్గింది. మనకూ ఆ దారి కొత్త కాదు. కుమ్రం భీము తిరుగుబాటు తరువాత 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, గోండి వాచకాలు తయారుచేశారు. 2004లో ఉమ్మడి రాష్ట్రం 240 బడుల్లో బంజారా (లంబాడీ), గోండి, కోయ, కొలామి, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో చదువు మొదలుపెట్టింది. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచే ఉంది. ఎరుకల భాష ఆ ఎనిమిదింటిలో కూడా లేదు.

పెద్ద నిధులు లేకుండానే చేయగల పనులున్నాయి. తండా అంగన్‌వాడీలో గోర్ బోలి మాట్లాడే ఆయమ్మ, టీచరు ఉండాలన్నది నియామక నిబంధనలో ఒక్క వాక్యం. 2018లో ఐదు వందల జనాభా దాటిన తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలయ్యాయి. అక్కడి గ్రామసభ ఆ ఊరి భాషలోనే జరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాబోయే జనగణనకు ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. ఎరుకల వాడకు, తండాకు వెళ్లే గణకులు ‘తెలుగే కదా’ అని తామే నింపేయకుండా అడగాలి. అడిగినప్పుడు కుర్రు అనో, గోర్ బోలి అనో సిగ్గుపడకుండా రాయించండి. ఆ గడి కింద ‘ఇంట్లో పిల్లలతో ఏ భాష మాట్లాడతారు?’ అన్న ఇంకో ప్రశ్న చేర్చమని భాషా సంఘాలు, విశ్వవిద్యాలయాలు కేంద్రాన్ని అడగాలి.